న్యూయార్కులో నలుగురు పెన్షనర్లు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీ అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారు కదా, అమెరికా విశేషాలు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. మన సభ్యుల్లో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు. నయాగరా జలపాతం ముందు వానకోటు తొడుక్కుని దిగిన ఫొటో లేని హాలు మన కాలనీలో అరుదు. కాబట్టి ఆ దేశమంతా మిమ్మల్ని తిప్పను. ఒక్క శని, ఆదివారాల ముచ్చట చెబుతాను. 2023 అక్టోబరులో మేం నలుగురం పెన్షనర్లం, పిల్లల తోడు లేకుండా, కారు లేకుండా న్యూయార్కు నగరం చూసి వచ్చాం. మాలో అందరికంటే చిన్నవారికి 67 ఏళ్ళు, పెద్దాయనకు 78. ఈ ముచ్చట చెప్పడానికి పెన్షనర్ల దినోత్సవం తగిన రోజేనని నా అభిప్రాయం. ఎందుకో చివర్లో మనవి చేస్తాను.

పగటిపూట ఇల్లు

మా అబ్బాయి ఉండేది న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊరు. అక్కడ మనవాళ్ళకు లోటు లేదు. ఓక్ ట్రీ రోడ్డుకి వెళితే గోంగూర దగ్గర్నుంచి పట్టుచీరల దాకా అన్నీ దొరుకుతాయి. కాని ఆ రోడ్డుకి వెళ్ళాలంటే కారు కావాలి. పాలడబ్బాకీ కారే, మందుల షాపుకీ కారే. పొద్దున్న ఎనిమిది గంటలకు అబ్బాయి, కోడలు ఆఫీసులకీ, పిల్లలు స్కూలుకీ వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇల్లు నిశ్శబ్దం. పిల్లల్లో ప్రేమకు కొదవ లేదు. ఫ్రిజ్ నిండా తిండి, టీవీలో తెలుగు చానళ్ళు, వేళకు మందులు, అన్నీ అమర్చి వెళతారు. గేటు దాటి నాలుగడుగులు వేసి ఓ మనిషిని పలకరించే వీలు మాత్రం ఉండదు. ఆ ఊళ్ళు కార్లున్నవాళ్ళ కోసం కట్టిన ఊళ్ళు. మీలో వెళ్ళి వచ్చినవారికి ఈ సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఈ నలుగురం కలిసింది రూజ్‌వెల్ట్ పార్కు బెంచీ మీద. నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసినవాణ్ణి. రెండోవారు మన విద్యుత్ బోర్డులో ఇంజనీరుగా చేసి, పిల్లల దగ్గరకు వెళ్ళి పాతికేళ్ళుగా అక్కడే స్థిరపడిన ప్రవాసి. మూడోవారు వరంగల్లు వైపు బ్యాంకు మేనేజరు. నాలుగోవారు తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసిన మాస్టారు. ఆయనే మాలో పెద్ద.

మాస్టారి శ్రీమతి అంతకు ముందు ఏడాది కాలం చేశారు. ఒంటరిగా ఉంచలేక కొడుకు తనతో తీసుకువచ్చాడు. మాస్టారు పార్కుకి వచ్చేవారు, మా పక్కన కూర్చునేవారు, అంతే. మాట్లాడేవారు కారు. తెనాలి ఇల్లు అమ్మేసి, గ్రీన్‌కార్డు పెట్టించి, తండ్రిని శాశ్వతంగా తన దగ్గరే ఉంచుకోవాలని కొడుకు ఆలోచన. దానికి ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నలభై ఏళ్ళు క్లాసులో గొంతెత్తి పాఠం చెప్పిన మనిషి తన ఇంటి విషయంలో ఏ మాటా అనకపోవడం చూసి మాకే దిగులు వేసింది.

ఓ రోజు ఆయనే అన్నారు. వాళ్ళ ఆవిడ అదివరకు అమెరికా వచ్చినప్పుడు న్యూయార్కులోని ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాలని మొక్కుకున్నారట. వీలు చిక్కలేదట. "అబ్బాయిని అడగలేదా?" అన్నాను. "వాడికి ఉన్న రెండు రోజుల సెలవులో లాండ్రీ, కూరలు, పిల్లల ఈత క్లాసులు. ఎలా అడగను?" అన్నారు. ఇంజనీరుగారు వెంటనే, "అడగడమెందుకండీ? మనమే వెళదాం" అన్నారు.

నాలుగు ఇళ్ళలోనూ ఒకటే మాట. "మేం తీసుకువెళతాం కదా, ఇంత తొందరేమిటి?" అని. వాళ్ళ భయం సహజమే. అయితే ఇంజనీరుగారు, "పవర్ హౌసులు నడిపినవాణ్ణి, ఓ రైలెక్కి దిగలేనా?" అని తేల్చేశారు. దిగిన ప్రతిచోట నుంచీ ఫోనులో కబురు పెట్టాలన్న షరతు మీద మాకు అనుమతి దొరికింది. ఒకప్పుడు విహారయాత్రకు పంపుతూ వాళ్ళకు మనం పెట్టిన షరతులే ఇవి.

శనివారం

మెట్రోపార్క్ స్టేషన్లో మా అబ్బాయి దింపి వెళ్ళాడు. ఆ రైళ్ళలో 62 ఏళ్ళు నిండినవారికి వయసు చూపే గుర్తింపు ఉంటే టికెట్టు ధరలో సగం తగ్గింపు. కండక్టరు వచ్చి టికెట్లు చూసి, మా ముందు సీటు వెనక ఓ చీటీ గుచ్చి వెళ్ళాడు. మనం ఎక్కడ దిగాలో దానిని బట్టి అతనికి గుర్తు. చూడగానే నాకు పాత రోజులు గుర్తుకు వచ్చాయి.

ముప్పావు గంటలో హడ్సన్ నది కిందికి వెళ్ళాం. న్యూజెర్సీ వైపు నుంచి పెన్ స్టేషన్‌కి వచ్చే రైళ్ళన్నీ నది అడుగున ఉన్న రెండు సింగిల్ లైను సొరంగాల గుండానే పోవాలి. అవి 1910లో తెరిచినవి. 2012లో శాండీ తుఫానుకి ఉప్పునీళ్ళు చొరబడి వాటిని బాగా దెబ్బతీశాయి. అయినా అవే మోస్తున్నాయి. పాత ఆస్తి మీద బండి నెట్టుకురావడం మన రైల్వేకే చెల్లిందనుకునేవాణ్ణి. వాళ్ళూ అంతే.

పెన్ స్టేషన్లో దిగి నగరం లోపలి రైలు, అంటే సబ్‌వే ఎక్కాం. అది 1904లో మొదలైంది. ఇప్పుడు 472 స్టేషన్లు. రాత్రీ పగలూ 24 గంటలు నడుస్తుంది. ముఖ్యమైన మార్గాల్లో నాలుగేసి పట్టాలు. రెండు అన్నిచోట్లా ఆగే బళ్ళకి, రెండు ఎక్స్‌ప్రెస్ బళ్ళకి. రాత్రి కూడా బళ్ళు ఆపరు కనుక మరమ్మతుల బ్లాకులు ఎక్కువగా రాత్రుళ్ళూ, శని ఆదివారాలూ తీసుకుంటారు. అందుచేత వారాంతంలో వెళ్ళేవారు ఏ లైనులో ఏ మార్పు ఉందో ముందుగా చూసుకోవాలి. మేం వెళ్ళినప్పుడు ఒక ప్రయాణానికి 2 డాలర్ల 90 సెంట్లు. ఎంత దూరమైనా అదే. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. నలుగురికీ ఒకే కార్డు నాలుగుసార్లు తాకించి లోపలికి వెళ్ళాం.

ఇక్కడ ఓ సంగతి. ఆ స్టేషన్లు పాతవి. చాలావాటికి లిఫ్టులు లేవు. మాస్టారికి మోకాళ్ళ నొప్పులు. ఇంజనీరుగారు ముందు రోజే మ్యాపు దగ్గర పెట్టుకుని, చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న స్టేషన్లను మాత్రమే ఎంచి మా దారి వేశారు. అలా ఒకటో నంబరు బండిలో చివరి స్టేషన్ సౌత్ ఫెర్రీ దాకా వెళ్ళాం.

అక్కడి నుంచి స్టాటెన్ ఐలాండ్‌కి వెళ్ళే నారింజ రంగు పెద్ద లాంచీలు ఉంటాయి. రోజూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ కోసం నడిపేవి. 1997 నుంచి టికెట్టు లేదు. ఐదు మైళ్ళ దూరం, ఇరవై అయిదు నిమిషాలు. వెళ్ళేటప్పుడు కుడివైపు నిలబడితే లిబర్టీ విగ్రహం బాగా కనబడుతుంది. అవతలి ఒడ్డున అందరూ దిగి మళ్ళీ ఎక్కాలి, అదొక్కటే నియమం. పెన్షనర్‌కి ఇంతకంటే గిట్టుబాటైన సముద్రయానం లేదు.

ఆ విగ్రహం ఫ్రాన్సు ప్రజలు ఇచ్చిన కానుక. బార్తోల్డీ అనే శిల్పి రూపం దిద్దాడు. ప్యారిస్ టవరు కట్టిన ఐఫెల్‌ లోపలి ఇనుప చట్రాన్ని రూపొందించాడు. 1886లో ఆవిష్కరించారు. పీఠంతో కలిపి 305 అడుగులు. దానికి దగ్గరలోనే ఎల్లిస్ ద్వీపం. 1892 నుంచి 1954 దాకా వలసవచ్చినవాళ్ళను అక్కడ దింపి పరీక్షలు చేసేవారు. కోటీ ఇరవై లక్షల మంది ఆ గుమ్మం దాటారు. నూటికి ఇద్దరిని మాత్రం వెనక్కి పంపేశారు. జబ్బుపడ్డవాళ్ళు, పోషణ జరగదని అనుమానం వచ్చినవాళ్ళు ఆ ఇద్దరిలో ఉండేవారు. కుటుంబంలో పిల్లల్ని రానిచ్చి ముసలివాళ్ళను ఆపిన రోజులు కూడా ఉన్నాయి. బ్యాంకు మేనేజరుగారు రెయిలింగు పట్టుకుని, "అప్పుడు మనం వచ్చుంటే మన బీపీ చూసి అటునుంచి అటే పంపేవాళ్ళు" అన్నారు. మాస్టారు నవ్వారు. ఆయన నవ్వడం చూడడం మాకు అదే మొదటిసారి.

వంతెన మీద

మధ్యాహ్నం బ్రూక్లిన్ వంతెన దగ్గరికి వెళ్ళాం. దాని కథ వేరే చెప్పుకోవాలి. జాన్ రోబ్లింగ్ అనే ఇంజనీరు దానికి రూపకల్పన చేశాడు. 1869లో స్థలం సర్వే చేస్తుండగా పాదం నలిగి, ధనుర్వాతంతో పోయాడు. కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్ పని అందుకున్నాడు. నది అడుగున, గాలి ఒత్తిడి నింపిన కైసన్లలోకి దిగి పునాదులు తవ్వేవారు. అందులోంచి పైకి వచ్చేటప్పుడు పట్టే జబ్బు అతనికీ పట్టింది. 1872 నుంచి అతను దాదాపు గదికే పరిమితం. అప్పుడు భార్య ఎమిలీ రోబ్లింగ్ గణితం, లోహాల బలాబలాలు, కేబుళ్ళ నిర్మాణం నేర్చుకుని, భర్త చెప్పినది పనివాళ్ళకూ, వాళ్ళ సందేహాలు భర్తకూ చేరవేస్తూ, పదకొండేళ్ళు ఆ పని నడిపించింది. 1883 మే 24న వంతెన తెరిచారు. ఆనాటికి ప్రపంచంలో అన్నిటికంటే పొడుగైన వేలాడే వంతెన. మధ్య దూరం 1,595 అడుగులు. ఆవిడ పేరుతో అక్కడ ఓ ఫలకం ఉంది.

మన రాజమండ్రి హేవలాక్ బ్రిడ్జి 1900లో మొదలై 1997లో విశ్రాంతి తీసుకుంది. అది కూడా మన సంఘ సభ్యురాలే. బ్రూక్లిన్ వంతెన మాత్రం మేం చూసేనాటికి 140 ఏళ్ళు నిండి ఇంకా డ్యూటీలో ఉంది. కార్లు కింద పోతుంటే, మనుషులు నడిచే దారి వాటికి పైన, మధ్యలో ఉంటుంది. 2021లో సైకిళ్ళకు కింద వేరే దారి ఇచ్చి, పై దారిని నడిచేవాళ్ళకే వదిలారు. వృద్ధులకు అదొక పెద్ద నిశ్చింత. వెనకనుంచి గంట మోగుతుందేమోనని ఉలిక్కిపడనక్కరలేదు. ఆగుతూ, నడుస్తూ మొదటి రాతి గోపురం దాకా వెళ్ళి వచ్చాం.

ఎమిలీ కథ ఇంజనీరుగారు చెబుతుంటే మాస్టారు విని చాలాసేపు నీళ్ళకేసి చూశారు. తరువాత, "మా ఇంట్లో కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో నాకు తెలియదండీ. ముప్ఫై తొమ్మిదేళ్ళు అన్నీ ఆవిడే చూసుకుంది" అన్నారు. ఇక ఆయన మాట ఆగలేదు. తెనాలి ఇల్లు ఎప్పుడు కట్టారో, ఆవిడ గాజులు కుదువ పెట్టి స్లాబు ఎలా వేశారో, పెరట్లో మామిడి చెట్టు ఎవరు నాటారో అన్నీ చెప్పారు. మేం ఏ సలహా ఇవ్వలేదు. విన్నాం.

ఆ రాత్రి జాక్సన్ హైట్స్‌లో మేనేజరుగారి మేనల్లుడి ఇంట్లో బస. చిన్న అపార్టుమెంటు. మాస్టారికి మంచం ఇచ్చి మేం ముగ్గురం కింద పక్క వేసుకున్నాం. పాతరోజుల్లో పెళ్ళివారి విడిదిలో పడుకున్నట్టు అర్ధరాత్రి దాకా కబుర్లు.

ఆదివారం

పొద్దున్నే ఏడో నంబరు రైలెక్కి ఫ్లషింగ్ వెళ్ళాం. ఆ లైను ఆ పేటలో ఎత్తైన స్తంభాల మీద పోతుంది. రైల్లో నాలుగు మూలల భాషలూ వినిపించాయి. దిగాక సిటీ బస్సు ఎక్కాం. ముసలివాళ్ళను చూసి డ్రైవరు ఓ మీట నొక్కితే బస్సు ముందు భాగం ఉస్సుమంటూ కిందికి వంగింది. ఏనుగు మావటి కోసం వంగినట్టు. మాస్టారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కారు.

గణపతి గుడి బౌన్ వీధిలో ఉంది. 1977 జూలై 4న ప్రతిష్ఠ జరిగింది. ఆ దేశంలో మన సంప్రదాయం ప్రకారం కట్టిన తొలి దేవాలయాల్లో అది ఒకటి. 2022లో ఆ వీధి భాగానికి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని కూడా పేరు పెట్టారు.

ఆ బౌన్ ఎవరో ఇంజనీరుగారు చెబితే ఆశ్చర్యం వేసింది. పదిహేడో శతాబ్దంలో ఆ ప్రాంతం డచ్చివారి పాలనలో ఉండేది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు ప్రార్థనలు చేసుకోకూడదని గవర్నరు ఆంక్ష పెట్టాడు. 1657 డిసెంబరు 27న ఫ్లషింగ్ ఊరివాళ్ళు ముప్ఫైమంది, తమకు ఆ మతంతో సంబంధం లేకపోయినా, అది అన్యాయమని అర్జీ రాసి సంతకాలు చేశారు. సంతకం చేసినవాళ్ళలో కొందరు జైలుపాలయ్యారు. ఆ తరువాత జాన్ బౌన్ అనే ఆయన క్వేకర్లకు తన ఇంట్లో చోటిచ్చాడు. 1662లో ఆయన్ను పట్టుకుని దేశం దాటించారు. ఆయన హాలెండు వెళ్ళి, అసలు యజమానులైన కంపెనీవాళ్ళతో వాదించి, గెలిచి, 1664లో తిరిగి వచ్చాడు. ఆయన ఇల్లు ఆ వీధిలోనే ఇంకా ఉంది. ఒక అర్జీతో మొదలైన వ్యవహారం. అర్జీలు రాసి రాసి విసిగిన మన సంఘంవాళ్ళం ఈ కథ గుర్తుంచుకోవాలి.

గుళ్ళో మాస్టారు శ్రీమతి పేరూ, గోత్రమూ చెప్పి అర్చన చేయించారు. కొబ్బరికాయ ఇచ్చారు. కళ్ళు తుడుచుకుని, "మొక్కు చెల్లింది" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. కింద క్యాంటీనులో దోసెలకు పెద్ద పేరు. నంబరు పిలిచేదాకా బల్ల దగ్గర కూర్చున్నాం. మాస్టారు ఒక దోసె తిని రెండోది చెప్పించుకున్నారు.

సాయంత్రం తిరుగు ప్రయాణం. పెన్ స్టేషన్‌కి ఎదురుగా పాత తపాలా భవనంలో 2021లో తెరిచిన కొత్త రైల్వే హాలు చూశాం. పైకప్పంతా అద్దాలు. 1910 నాటి పాత స్టేషన్ భవనాన్ని 1963లో పడగొట్టడం మొదలుపెట్టారు. ఊరు గగ్గోలు పెట్టింది. ఆ పశ్చాత్తాపంలోంచే 1965లో పాత కట్టడాలను కాపాడే చట్టం వచ్చిందట. చీకటి పడే వేళకు మెట్రోపార్క్‌లో దిగాం. నాలుగు కార్లు, నలుగురు పిల్లలు ఎదురుచూస్తున్నారు.

తరువాత

ఆ వారంలోనే మాస్టారు కొడుకుని కూర్చోబెట్టి మాట్లాడారు. తెనాలి ఇల్లు అమ్మవద్దన్నారు. వేసవిలో నీ దగ్గర ఉంటాను, చలికాలం మన ఊళ్ళో ఉంటానన్నారు. కొడుకు భయపడ్డాడు, బతిమాలాడు, రాత్రిపూట పడిపోతే ఎవరు చూస్తారని అడిగాడు. ఆ ప్రశ్నకు మాస్టారి దగ్గరా పూర్తి జవాబు లేదు. పక్కింటివాళ్ళకు తాళం చెవి ఇవ్వడం, రోజూ రెండు పూటలా ఫోను, ఓ పనిమనిషి, ఈ మూడింటి మీద ఒప్పందం కుదిరింది. ఆయన మోకాళ్ళ నొప్పి పోలేదు, దిగులూ పూర్తిగా పోలేదు. కాని తన బతుకు గురించి తనే మాట్లాడే గొంతు తిరిగి వచ్చింది. పిల్లలు మన భద్రత చూస్తారు, చూడాలి కూడా. భద్రతతో పాటు తన కాళ్ళ మీద తను తిరిగే వీలు ఉంటేనే మనిషి మనిషిగా ఉంటాడు. ఆ రెండు రోజుల్లో నేను చూసింది ఇదే.

వెళ్ళేవారికి నాలుగు మాటలు. ప్రయాణ ఆరోగ్య బీమా లేకుండా విమానం ఎక్కవద్దు. మందుల చీటీ, పిల్లల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామా కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి, ఫోను బ్యాటరీని నమ్మవద్దు. దారిలో మరుగుదొడ్లు తక్కువ, లాంచీల రేవుల్లోనూ పెద్ద స్టేషన్లలోనూ ఉంటాయి. నవంబరులో అక్కడ ఉంటే లైఫ్ సర్టిఫికెట్ గురించి కంగారు వద్దు. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్‌లో, 2021 నుంచి సెల్‌ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. ఆధార్, పెన్షన్ వివరాలు దగ్గర ఉంచుకోండి.

ఈ రోజున ఈ మాట ఎందుకు

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. రక్షణ శాఖలో పనిచేసి 1972లో రిటైరైన ఒక ఉద్యోగి కోర్టు మెట్లు ఎక్కినందువల్ల ఈ రోజు మనం పండుగ చేసుకుంటున్నాం. న్యూయార్కు స్టేషన్లలో లిఫ్టులు కూడా ఊరికే రాలేదు. వికలాంగులు ఏళ్ళ తరబడి దావాలు వేశారు. 2022లో రాజీ కుదిరి, 2055 నాటికి నూటికి 95 స్టేషన్లకు ఆ సదుపాయం కల్పిస్తామని రాసి ఇచ్చారు.

మన దగ్గర రైళ్ళలో 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన స్త్రీలకు 50 శాతం ఉండిన రాయితీని 2020 మార్చి 20 నుంచి నిలిపివేశారు. మన రైల్వేవాళ్ళకు పాసులున్నాయి. మిగతా పెన్షనర్ల మాటేమిటి? ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో ఉచిత ప్రయాణం మొదలైంది. సంతోషం. ఛార్జీ పోయింది గాని బస్సు మెట్టు ఎత్తు తగ్గలేదు. ఫుట్‌పాత్ మీద మోటారు సైకిళ్ళు, బస్టాపులో కూర్చోను బల్ల లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. బస్టాపులూ, స్టేషన్లూ అందరూ వాడుకునేలా ఉండాలని అందులో ఉంది.

అందుచేత సభకు నా ప్రతిపాదన ఒకటి. డీఏ బకాయిలు, మెడికల్ బిల్లుల అర్జీలతో పాటు ఈ ఏడాది ఇంకో అర్జీ కూడా రాద్దాం. మన ఊళ్ళో బస్టాండు నుంచి పెన్షన్ ఇచ్చే బ్యాంకు దాకా, అక్కడి నుంచి ఆసుపత్రి దాకా ముసలివాళ్ళు నడవగలిగే ఫుట్‌పాతూ, దారిలో నాలుగు బల్లలూ, ఒక మరుగుదొడ్డీ కావాలని. దేశమంతా మార్చమని అడగడం లేదు. ఈ ఒకటిన్నర కిలోమీటరే. తీర్మానం ప్రతి నేను రాసి తెచ్చాను. కార్యదర్శిగారి దగ్గర ఉంది. వెళ్ళేటప్పుడు సంతకాలు చేసి వెళ్ళండి.